నీళ్ల గీతకు పైన

మొదటి వారం రిజిస్టర్లో
పదకొండు ఇండ్ల ఎదురుగా ఒకే మాట రాస్తి:
సహకరించలేదు.

మేము అతికించిన కాగితంలో
మధుమేహ నివారణ అవగాహన సదస్సు అని ఉండె.
కర్నూలు పాతూర్లో, అత్తర్ల గేరిలో
ఆ మాటను ఎరిగినోళ్లు ఎవరూ లేరు.
ఏ గడపా దాన్ని లోపలికి రమ్మనలేదు.
ఖాజాబీ ఆ కాగితాన్ని చినగకుండా ఊడదీసి
జొన్నపిండి డబ్బాకు మూత చేసుకునె.
నివారణ మీద గిన్నె, అవగాహన మీద పిండి,
నేనే చూస్తి.

హంద్రి పక్క గేరి అది.
తొమ్మిదో సంవత్సరం వరద
మనిషెత్తుకు పైన గీసిపోయిన గీత
ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్లీ తేలి వస్తాది.
ఆ గీత కింద కూర్చోని
ఫారంలో ఉన్నట్లే అడిగితి:
అన్నం ఎంత, నూనె ఎంత, తీపి ఎంత.
పరదా వెనకనుంచి ఆమె:
"కైకు? రేషన్ కోస్తారా?"

మరుసటి రోజు ఫారం సంచిలోనే పెట్టి
చెప్పులు విడిచి,
"ఏం వండినావు ఖాజమ్మా?" అంటి.
పరదా ఒక పక్కకు జరిగె.

నాకు ఉర్దూ రాదు.
నా ఆఫీసు తెలుగు ఆమెకు రాదు.
మధ్యలో ఇద్దరికీ అర్థమయ్యేది ఒక కాలు ఉంది,
బొటనవేలి పక్కన
ఎనిమిది నెలలుగా మానని పుండుతో.

రంజాన్ వచ్చె.
"సుయీ నక్కో," అనె. "రోజా పోతాది."
పోదని చెప్పనీకి నేనెవర్ని?
మద్దిలేటి స్వామి పేరు పెట్టుకున్నదాన్ని,
నుదుట ఇంత బొట్టున్నదాన్ని.
రోజా యాడ నిలుస్తాదో, యాడ పోతాదో
నా నోట్లోంచి రావాల్సిన మాట కాదు.

మసీదు మెట్ల కింద నిలబడితి.
హజ్రత్ అంతా విని
గడ్డం దువ్వుకుంటా చానాసేపు ఊరకుండె.
తర్వాత, పుస్తకం తెరవకుండానే, చెయ్యి చాపె.
"ముందు నాది చూడు. ఆ గుబులు నాకూ ఉంది."
రెండు వందల పన్నెండు.
ఆ సాయంత్రం మైకులో ఆయన గొంతే:
వేలి చుక్కకు రోజా పోదు,
కండ్లు తిరిగితే మాత్రం విప్పేయండి,
ప్రాణం నిలుపుకునేదీ దేవుని మాటే.

"ఉపవాసం మానేయమని చెప్పు," అనె మా డాక్టరు.
మాన్పించనీకి కాదు సార్,
మాత్రల టైము మార్పించుకోనీకి వచ్చినా, అంటి.
ఎందుకంటే ఖాజాబీ ఒక మాట అనింది:
"పదకొండు నెలలు తినకుంటే లేనిదాన్ని.
ఈ ఒక్క నెల తినకుంటే ఉన్నదాన్ని."
దానికి మందు లేదు. ఉండకూడదు కూడా.
డాక్టరు కలం మూత పెట్టి, మళ్లీ తీసి రాసె:
పొద్దుటి మాత్ర ఇఫ్తారుకు,
రాత్రిది సగం చేసి సెహరీకి.

తరావీ ముగిసినాక, పది దాటి,
జైనాబీ వసారాలో ఒక్క బల్బు కింద
మొగోళ్లు ఎవరూ లేకుండా
పదకొండు ఇండ్లు, పంతొమ్మిది వేళ్లు.
చివర కూర్చున్న ఖాజాబీ
"నీది?" అనె.
నాదంటే?
"అందరివీ చూసినావు. నీదీ చూపియ్యి."
గుచ్చుకుంటి.
చీమ కుట్టినట్లుంటాది అని
ఇన్నేండ్లుగా నేను చెప్తా ఉండేది
అబద్ధమని తెలిసె.
నూటా నాలుగు.
ఆమెకు అంకెలు రావు.
రెండుసార్లు చదివించుకోని
చీరకొంగులో ముడేసుకున్నట్లు పెట్టుకునె.

రిజిస్టర్లో ఆ మాటను కొట్టేస్తి, పదకొండు సార్లు.
దాని చోట రాయాల్సిందానికి
ఆ గడి చాలదు.

మాత్రల డబ్బా ఇప్పుడు
నీళ్ల గీతకు పైన, మేకుకు వేలాడుతా ఉంది,
నిఖా కాగితం, రేషన్ కార్డు ఉండే సంచిలోనే.

పండగనాడు పోతి.
రెండు గ్లాసుల షీర్ ఖుర్మా.
ఆమెది చప్పిడిది, మూతి విరుచుకుంటా తాగుతా ఉంది.
నాది చిక్కగా, అడుగున చక్కెర కరగక.
నాకు కొంచెం చాలు అంటి.
కండ్లురిమె.
"నూటా నాలుగే కదా నీది. తాగు."